దారం బిగువు

ఆ పొద్దు ఆకాశం నీలంగా లేదు, తెల్లగానూ లేదు. బేగంపేట దిక్కున దుమ్ము లేచి, దాని వెనక సూర్యుడు తోమని రాగి చెంబు అడుగులా మసకగా కనబడ్డాడు. శివరాత్రి మొన్ననే వెళ్ళింది. చలి పూర్తిగా పోకముందే అంత దుమ్ము లేవడం నాకు నచ్చలేదు. కావడి భుజానికెత్తుకుని మళ్ళీ ఒకసారి పైకి చూశాను.

నన్ను కన్న మా అవ్వ రుద్రమ్మ వాకిలి ఊడుస్తూ, "మొగులు మొఖం ఏం జూస్తవు? కూర వాడిపోతది, నడు" అంది.

నడిచాను.

జర్మనీ లడాయి మొదలైన మరుసటి ఏడు అది. అమీర్‌పేటలో మాకొక మోటబావి, దాని కింద వంకాయ, తోటకూర, కొత్తిమీర మళ్ళు ఉండేవి. పొద్దున్నే కావడి ఎత్తుకుని పంజగుట్ట మీదుగా లక్డీకాపూల్ దాకా పోయి, బంగళాల్లో వంటవాళ్ళకు కూరగాయలు వేసి రావడం నా పని. దారిలో గుట్ట వాలు మీద పెంకుల కప్పు ఉన్న ఒంటిగది బడి కనబడేది. మిషనువాళ్ళది. నా పెద్దబిడ్డ చిలకమ్మ అక్కడ చదువుకునేది.

ఆ పిల్ల పొద్దున లేచి మాట మొదలుపెడితే నిద్రపోయేదాకా ఆపదు. నేను మాట తక్కువ మనిషిని. ఓదెలు ఎడ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడడని మా వాడకట్టులో అనుకునేవారు. నిజమే. మోట తోలేటప్పుడు ఎడ్లను బతిమాలుతాను, తిడతాను, వాటికి పాట పాడతాను. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాట గొంతులోనే కూర్చుంటుంది.

బడిలో జ్ఞానరాజు పంతులుండేవాడు. సన్నగా, పొడుగ్గా, వేళ్ళకు ఎప్పుడూ రంగో బంకమన్నో అంటుకుని ఉండే మనిషి. ఆయన దగ్గర పిల్లల చేతులు ఖాళీగా ఉండవు. ఒకనాడు ఆకులకు పసుపునీళ్ళు రాసి కాగితాల మీద అచ్చులు వేస్తుండేవాళ్ళు. ఇంకోనాడు రావాకుకు చిన్న చిల్లు పొడిచి, దానిలో నీటిబొట్టు నిలిపి, ఆ బొట్టులోంచి చీమను చూస్తుండేవాళ్ళు. చీమకు మీసాలున్నాయని ఆ సాయంత్రం చిలకమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది. మా అవ్వ నమ్మలేదు. "నీ మొగనికి ఉంటయి పో మీసాలు" అంది.

ఆ దుమ్ము పొద్దున నేను బడి ముందు నుంచి పోతుంటే చిలకమ్మ ఉరికొచ్చి కావడి బద్ద పట్టుకుంది.

"నాయనా, దించు దించు. పంతులు మాట్లాడే డబ్బీ జేయించిండు!"

"కూర వాడిపోతది."

"ఒక్క మాటకు ఏం వాడిపోదు!"

దించాను. రెండు గుండ్రటి సిగరెట్టు డబ్బీలు. ఏ బంగళా బట్లరు దగ్గర అడిగి తెచ్చాడో పంతులు. వాటి అడుగున మేకుతో చిల్లు పొడిచి, దారం దూర్చి, లోపల చీపురుపుల్ల ముక్కకు ముడేశారు. దారానికి మైనం పట్టించారు. ఒక డబ్బీ నా చేతిలో పెట్టి, రెండోది పట్టుకుని చిలకమ్మ అవతల బండ దాకా పరుగెత్తింది. దారం నేల మీంచి లేచి గాలిలో బిగుసుకుంది.

"చెవికి పెట్టుకో ఓదెలన్నా" అన్నాడు పంతులు.

పెట్టుకున్నాను. డబ్బీ లోపలి నుంచి నా బిడ్డ గొంతు వచ్చింది, చెవిలో గుసగుసలాడినట్టు.

"నాయనా, ఎర్రెద్దు మంచిగున్నదా?"

నేను డబ్బీ తీసి లోపలికి చూశాను. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు.

"ఇప్పుడు నోటికి పెట్టుకుని జవాబు చెప్పాలె" అన్నాడు పంతులు నవ్వు ఆపుకుంటూ.

నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడి, "ఊ" అన్నాను.

బండ దగ్గర నుంచి కేక. "ఊ అంటే దారంల పోదు నాయనా! మాట చెప్పాలె!"

మళ్ళీ నవ్వులు. ఒక పిల్ల, "చిలకమ్మ నాయనకు మాటలు రావంట పంతులూ" అంది. పంతులు ఆ పిల్లను కసరలేదు. నా డబ్బీ ఆ పిల్ల చెవికి పెట్టి, నాతో అన్నాడు. "ఓదెలన్నా, నువ్వు దారాన్ని నడుమ రెండేళ్ళతో పట్టుకోరాదు. గట్టిగ గాదు, జర మెల్లగ. చిలకమ్మా, ఇప్పుడు చెప్పు!"

చిలకమ్మ అక్కడ పెదవులు కదపడం కనబడింది. చెవికి డబ్బీ పెట్టుకున్న పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఏం ఇనవస్తలేదు పంతులూ."

కానీ నా వేళ్ళ మధ్య ఏదో ఒణికింది. గుప్పిట్లో పట్టుకున్న పిచ్చుక ఒణికినట్టు.

"గదే మాట" అన్నాడు పంతులు. "దారంల ఒణుక్కుంట వస్తది. నీ ఏళ్ళు తాకినయి, అక్కడనే ఆగింది. దారం బిగువుగ ఉండాలె, దేన్నీ తాకొద్దు. తూనీగ వాలినా సగం మాట తింటది."

నేను వేళ్ళు తీసేశాను. కావడి ఎత్తుకుని లక్డీకాపూల్ దాకా నడిచాను. ఆ ఒణుకు దారంతా వేళ్ళలో ఉన్నట్టే అనిపించింది.

ఆ వారంలోనే ఒక జత డబ్బీలు మా ఇంటికి వచ్చాయి. మా ఇంటి కిటికీ నుంచి వాకిలి దాటించి, బావిగడ్డ మీది ఎడ్లకొట్టం దాకా చిలకమ్మ దారం లాగింది. మోటతాడంత దూరం. పొద్దుగూకి నేను ఎడ్లను కట్టేసే వేళకు కొట్టం గుంజకు వేలాడే డబ్బీ టకటకమని కదిలేది. కిటికీ దగ్గర ఆ పిల్ల దారాన్ని గుంజేదన్నమాట. తీసి చెవికి పెట్టుకునేవాణ్ణి.

మా అవ్వకు మొదట్లో గిట్టలేదు. "ఇంట్ల నోరుండంగ డబ్బీలెందుకే? కిరస్తానపోల్ల బడికి పంపితే గిట్లనే అయితది."

"నాయనమ్మా, నువ్వు సుత ఇను" అని చిలకమ్మ ఆమె చెవికి డబ్బీ తగిలించి, కొట్టంలోకి ఉరికి, ఏదో చెప్పింది. మా అవ్వ ఉలిక్కిపడి డబ్బీ వదిలేయబోయి, మళ్ళీ పట్టుకుని, నోట్లో పళ్ళు లేని ఖాళీ అంతా కనబడేలా నవ్వింది.

"ఏమన్నది?" అని అడిగింది నా భార్య మంగవ్వ పొయ్యి దగ్గర నుంచి.

"పండ్లు లేని ముసలిదానా, సకినాలెందుకు దొంగతనం జేస్తవు అంటుంది లంగ ముండ!"

ఆ తర్వాత ఎవరూ లేనప్పుడు మా అవ్వ ఆ డబ్బీని కొంగుతో తుడిచి మేకుకు తగిలించడం చూశాను. పంతులు మా వాకిటి ముందు నుంచి పోతూ నీళ్ళు అడిగితే మాత్రం, దోసిట్లో పైనుంచి పోసేది. చెంబు చేతికి ఇచ్చేది కాదు.

ఉగాది దగ్గర పడ్డప్పుడు చిలకమ్మకు జ్వరం తగిలింది. ముందు ఎండ దెబ్బ అనుకున్నాం. తర్వాత నుదుటి మీద, ముంజేతుల మీద పొక్కులు తేలాయి. మా అవ్వ చూసి, రెండు చేతులూ జోడించి, చిన్న గొంతుతో, "తల్లి వచ్చింది" అంది.

మావైపు దాన్ని జబ్బు అనరు. తల్లి పోసింది అంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆ ఇంటి పద్ధతి వేరు. పొయ్యి మీద తాలింపు వేయరు. తలకు నూనె రాయరు. గట్టిగా మాట్లాడరు. మంచం కింద వేపాకు పరుస్తారు, గుమ్మానికీ కిటికీకీ వేపమండలు కడతారు. బజారుకు పోయి వచ్చేవాడు గడప తొక్కకూడదు. నేను బజారుకు పోక తప్పదు. కాబట్టి నాలుగేళ్ళ చిన్నది ఎల్లిని చంకనేసుకుని ఎడ్లకొట్టానికి మారాను. మంగవ్వ మంచం పక్కన ఉండిపోయింది. అవ్వ వాకిట్లో పొయ్యి పెట్టి, గంజి కాచి, కొట్టం బయట నాకింత పెట్టి, దూరంగా జరిగేది.

పోయిన చలికాలంలో టీకాలవాళ్ళు బడికి వచ్చారు. ఆ దినం చిలకమ్మ మేనమామ పెండ్లికని బోరబండలో ఉంది. అంతే. దానికి ఎవరినీ అనడానికి లేదు.

పంతులుకు ఎవరు చెప్పారో, రెండోనాడే టీకాల మనిషిని వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు. "చిన్నదానికన్న ఏపిస్త ఓదెలన్నా" అన్నాడు. నేను ఎల్లి రెక్క పట్టుకున్నాను. ఆ పిల్ల ఏడుపు విని అవ్వ వాకిట్లో లేచి నిలబడింది గానీ దగ్గరికి రాలేదు. పోయేముందు పంతులు కిటికీ దిక్కు చూశాడు. దారం అట్లనే ఉంది.

"మాట్లాడుతుందా?" అని అడిగాడు.

తల ఊపాను.

"నువ్వు?"

ఏడుస్తున్న ఎల్లిని చంకనెత్తుకున్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

మాట్లాడేది. పొద్దుగూకగానే డబ్బీ కదిలేది.

"నాయనా, ఇంటున్నవా?"

"ఊ."

"మళ్ళ ఊ!"

"ఇంటున్న."

"ఎల్లి ఏడుస్తుందా?"

"లే."

"ఎర్రెద్దు గడ్డి తింటుందా?"

"తింటుంది."

"నాయనమ్మ నన్ను దండం బెట్టి తల్లీ అని పిలుస్తుంది. నాకు నవ్వొస్తుంది నాయనా. నవ్వితే మూతి నొస్తుంది."

దినదినానికీ గొంతు సన్నబడింది. ముందు పిచ్చుకలా ఉండేది, తర్వాత ఎండుటాకులు కదిలినట్టు అయింది. ఒకనాడు అంది:

"నాయనా, గొంతుల సుత పోసినయి. ఇగ నేను మాట్లాడ. నువ్వే మాట్లాడాలె. నేను ఇంట."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. ఎడ్లతోని మాట్లాడ్తవు గద, గట్ల."

డబ్బీని నోటికి పెట్టుకున్నాను. ఎర్రెద్దు నెమరేస్తూ నన్ను చూస్తోంది. ఎల్లి గడ్డిలో పడి నిద్రపోయింది. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

"రేపు చెప్త" అన్నాను.

"తప్పకుంట?"

"తప్పకుంట."

మర్నాడు మోట తోలుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు లోపల పేర్చుకున్నాను. ఒకటి చెబితే ఇంకొకటి దాని వెనకే వచ్చేలా. బొక్కెన పైకి వచ్చి నీళ్ళు కాలువలో పడ్డ ప్రతిసారీ ఒక మాట దొరికేది. ఎద్దుల కంటే నేనే ఎక్కువ చెమటపట్టాను.

పొద్దు వాలబోతుంటే పోచమ్మకు పూజలు చేసే పెంటయ్య మా వాకిట్లోకి వచ్చాడు. బావిగడ్డ మీద నుంచి చూస్తున్నాను. మాటలు వినబడలేదు. పెంటయ్య చెయ్యెత్తి దారాన్ని చూపించాడు, తర్వాత కొట్టాన్ని, తర్వాత కిటికీని చూపించాడు. చేత్తో తెంపినట్టు చేశాడు. నాకు అర్థమైంది. బజారు దుమ్ము తొక్కినవాడి దగ్గర నుంచి ఒక దారం తల్లి ఉన్న ఇంట్లోకి పోతోంది. అది మైల. మా అవ్వ అడ్డంగా నిలబడింది. ఆమె రెండు చేతులూ ఊపడం, గుండె మీద కొట్టుకోవడం కనబడింది. చాలాసేపైంది. చివరికి పెంటయ్య తల గోక్కుని వెళ్ళిపోయాడు.

దారం తెగలేదు. మా అవ్వ అంత గట్టిగా నిలబడుతుందని నేను అనుకోలేదు. ఎడ్లను విప్పి, నీళ్ళు తాపి, కొట్టంలో కట్టేసి, డబ్బీ చేతిలోకి తీసుకున్నాను.

ఆ సాయంత్రం మాట్లాడాను.

ముందు ఎడ్ల సంగతి చెప్పాను. ఎర్రెద్దు నీ కోసం ఇంటివైపు చూస్తోందని చెప్పాను. అది అబద్ధం, కానీ తర్వాతవన్నీ నిజాలే. నువ్వు పుట్టిన పొద్దు బావిలో నీళ్ళు గట్టు దాకా వచ్చాయని, నేను మోట తోలకుండా ఊరికే నీళ్ళను చూస్తూ కూర్చున్నానని చెప్పాను. రోజూ బడి దగ్గర కావడి భుజం మార్చుకునే నెపంతో బండ చాటున నిలబడతానని, నీ గొంతు విని పోతానని, అందుకే లక్డీకాపూల్లో నా కూర ఎప్పుడూ వాడిపోయి ఉంటుందని చెప్పాను. నీకు తగ్గినాక బేగంపేట పోయి విమానం దిగడం చూద్దామని చెప్పాను. చీమకు మీసాలుంటాయన్న సంగతి నేను నమ్మానని చెప్పాను. మాటలన్నీ అయిపోయినా డబ్బీ దింపబుద్ధి కాలేదు. మోటకాడ పాడే పాటే మెల్లగా పాడాను.

డబ్బీ చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. గొంతులో పోసినయి కదా, మాట్లాడదు, వింటుంది అనుకున్నాను. దారం చేతికి కాస్త బరువుగా తగిలింది. గాలి అనుకున్నాను. వాలిన పొద్దు కంటిలో పడుతోంది. కిటికీ దగ్గర పచ్చగా వేపమండల గుబురు తప్ప ఏమీ కనబడలేదు.

తర్వాతి సాయంత్రం కూడా మాట్లాడాను. ఆ తర్వాతా మాట్లాడాను. మూడోనాడు నాకే నవ్వొచ్చింది, ఇంత వాగుడు ఎక్కడ దాచానా అని. ఆ మాట కూడా దానికి చెప్పాను.

నాలుగో పొద్దున ఎడ్లకు కాడి ఎత్తుతుంటే అవ్వ బావిగడ్డ మీదికి వచ్చింది. తల్లి ఇంట్లో ఉన్నంతకాలం ఆమె కొట్టం దాటి మోట దిక్కు రాలేదు. వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. 

కాడి దించాను. ఎడ్లను విప్పి వదిలాను.

తల్లి తీసుకుపోయిన బిడ్డకు పైకి ఏడవకూడదు. ఏడిస్తే తల్లికి కోపం వస్తుందంటారు, ఇంకొకరి మీదికి వస్తుందంటారు. గుట్ట దిగువన బొంద తీశాం. మంగవ్వ కొంగు ముడి కొరుకుతూ నిలబడింది. మన్ను పడే చప్పుడు ఒక్కటే వినబడింది.

నాకు ఒక్కటే ఆధారం మిగిలింది. చెప్పాను. అది వింది.

వేసవి ముదిరాక, అవ్వ తల్లికి చద్దన్నం పెట్టి, వేపాకు నీళ్ళ సాక పోసి సాగనంపింది. ఇల్లు అలికారు. పాత చాపలు కాల్చారు. నేను, ఎల్లి మళ్ళీ గడప తొక్కవచ్చన్నారు. ఆ పొద్దున మంగవ్వ మంచం నులక విప్పుతోంది. నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె నా దిక్కు తిరగకుండానే అంది:

"డబ్బీ చెవికి పెట్టుకునే ఉండె."

నేను తల ఎత్తాను.

"మూడు పొద్దులు గట్లనే ఉండె. ఏమన్న ఇనవడ్తుందా బిడ్డా అంటే, నాయన ఇంక ఎడ్లను కడ్తుండు, ఇగ చెప్తడు అంటది. రేపు చెప్తనన్నడు, తప్పకుంట అన్నడు అంటది. నీ మీద మాట పడనియ్యలే." నులక గట్టిగా లాగింది. "నువ్వు మాట్లాడవని నాకు ఎరుకనే. అయినా ఒక్క మాట. ఒక్క మాటనన్న అనకపోతివి."

"నేను..." అన్నాను.

ఆమె ఆగి చూసింది. నాకు ఏమీ అర్థం కాలేదు. లేచి బయటకు వచ్చాను.

దారం ఇంకా అట్లనే ఉంది. కొట్టం నుంచి పట్టుకుని ఇంటివైపు నడిచాను. వాకిలి నడుమ దాకా దారం వట్టిదే. చూరు నీడలోకి వచ్చేసరికి వేళ్ళకు గరుకుగా తగిలింది. ఎండిన పసుపు. ఆపై జానెడు జానెడుకు ఒక వేపరెమ్మ కట్టి ఉంది, కిటికీ లోపలి దాకా. ఆ రెమ్మలు కిటికీకి కట్టిన మండల మీద ఆని, దారం వాటి మీద పడుకుని ఉంది. ఆకులు ఎండి ముడుచుకుపోయాయి. ముళ్ళు చూశాను. మెలిక తిప్పి లోపలికి దోపిన ముడి. తోటకూర కట్టలకు మా అవ్వ ఒక్కతే ఆ ముడి వేస్తుంది.

 తర్వాత ఒక్కొక్క ముడీ విప్పాను. ఆకులు కింద కుప్పపోశాను. పసుపును రెండు వేళ్ళ మధ్య పట్టి తుడిచాను. దారం మళ్ళీ గాలిలోకి తేలింది. ఎల్లి కిటికీలో కూర్చుని నన్నే చూస్తోంది. దాని చేతికి డబ్బీ ఇచ్చి, కొట్టంలోకి పోయి, దారం బిగించి, రెండోది చెవికి పెట్టుకున్నాను.

కాసేపు ఊపిరి చప్పుడు వచ్చింది. తర్వాత ముద్దుమాట, నా చెవిలోనే కూర్చుని అన్నంత తేటగా.

"నాయనా, అక్క ఈ డబ్బీల ఉన్నదా?"

నేను డబ్బీ దించి గుంజకు తగిలించాను.

తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి జ్ఞానరాజు పంతులు కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక కాగితం. పిల్లలందరూ తలో ఆకు అచ్చు వేసి చిలకమ్మ పేరు మీద పంపారట. ఇవ్వబోతూ, కింద ఆకుల కుప్పను చూశాడు. దారం మీద అక్కడక్కడ మిగిలిన పసుపును చూశాడు. కిటికీని చూశాడు. ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మొఖం నల్లబడింది.

"ఇవి ఎవలు కట్టిండ్రు?"

అవ్వ అప్పుడే చెంబుతో బయటకు వచ్చింది. "నేనే పంతులూ. పెంటయ్య తెంపుమన్నడు. తెంపకుంటె తల్లి ఇల్లంత పట్టుకుంటది అన్నడు. పోరి పానమంత దాంట్లనే ఉండె, నేనెట్ల తెంపనిస్త? అందుకని పసుపు రాసి, యాపాకు గట్టి, ఈ దారం సుత నీదే తల్లీ అని ఒప్పజెప్పిన. ఇగ పెంటయ్య నోరు మూసుకున్నడు." ఆమె చెంబు కింద పెట్టింది. "నాయనతోని మాట్లాడుకుంటనే పోయింది నా బిడ్డ. గంతన్న జేసిన."

పంతులు నోరు తెరిచాడు. తెలిసిన సంగతి చెప్పకుండా ఉండడం ఆ మనిషికి చేతకాదు. ఏది ఎందుకు అట్లా అయిందో చెప్పడమే ఆయన బతుకు.

"అమ్మా, గా ఆకులు..."

"మంచిగ కట్టింది" అన్నాను.

నా జన్మలో ఒకరి మాటకు నేను అడ్డం పోవడం అదే మొదలు. పంతులు నా దిక్కు తిరిగాడు.

"అవ్వ కట్టకపోతే దారం తెంపేటోళ్ళు పంతులూ. మంచిగ కట్టింది."

 ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అవునమ్మా" అన్నాడు. "మంచిగ కట్టినవు."

లోపల మంగవ్వ చేతిలో నులక చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. నేను మాట్లాడానని ఆమెతో చెప్పాలంటే ఆకుల మాట చెప్పాలి. చెప్పలేదు. ఆకుల కుప్పను రెండు చేతులా ఎత్తి తీసుకుపోయి బావి వెనక పోశాను.

మధ్యాహ్నం పొయ్యి మీద తాలింపు చుయ్యిమంది. ఎన్ని దినాలకో. వెల్లుల్లి వాసనకు ఎల్లి పొయ్యి దగ్గరికి ఉరికింది. అప్పటిదాకా వాకిట్లో కూర్చున్న పంతులు పోతానని లేచాడు. అవ్వ ఆయన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. వసారాలో విస్తరాకులు వేస్తూ, నాకొకటి, ఎల్లికొకటి వేసి, ఒక్క క్షణం ఆగి, నా పక్కన ఇంకొకటి వేసింది. నీళ్ళ చెంబు తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది.

పంతులు కూర్చున్నాడు. అవ్వా మా ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ మొగవాళ్ళు తిన్నాకే తినే మంగవ్వ అన్నం పెట్టి, ఆ పూట తానూ ఒక ఆకు వేసుకుని గుమ్మం పక్కన కూర్చుంది. పిల్లలు పంపిన ఆకు అచ్చుల కాగితం గోడ మేకుకు వేలాడుతోంది. ఎల్లి డబ్బీని ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ తీసేయమనలేదు.

వంకాయ కూర వడ్డిస్తూ మంగవ్వ చెయ్యి నా ఆకు మీద ఆగింది. బావి దగ్గర ఎంత కడిగినా నా రెండు వేళ్ళ మధ్య దారం పసుపు పోలేదు. ఆమె దాన్ని చూసింది. నా మొఖం చూసింది. తర్వాత అవ్వ మొఖం చూసింది.

ఏమీ అడగలేదు. కూర వేసింది. తిన్నాం.